లివర్‌లో మచ్చ: సాగే పోగులు చెప్పే సంగతులు

హైదరాబాద్‌లో పొట్ట స్కానింగ్ ఇప్పుడు రక్తపరీక్షంత మామూలైపోయింది. గ్యాస్ ట్రబుల్ అని వెళ్ళినా, కిడ్నీలో రాయి ఉందేమోనని వెళ్ళినా, ఆఫీసు వాళ్ళు చేయించే మాస్టర్ హెల్త్ చెకప్‌కి వెళ్ళినా అల్ట్రాసౌండ్ తప్పదు. అలా వేరే పని మీద వెళ్ళినవాళ్ళలో కొందరి రిపోర్టులో ఒక లైను కనబడుతుంది: లివర్ కుడి భాగంలో రెండు సెంటీమీటర్ల లీజన్ ఉంది, సీటీ గానీ ఎమ్మారై గానీ చేయించుకోవాలి అని. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర పట్టదు. లీజన్ అన్న మాట చదవగానే మనసు నేరుగా క్యాన్సర్ దగ్గరికే పోతుంది.

లీజన్ అంటే చుట్టూ ఉన్న కణజాలం కంటే వేరుగా కనిపించే చోటు, అంతే. హెపటైటిస్, సిర్రోసిస్ లాంటివేమీ లేని లివర్‌లో అనుకోకుండా బయటపడే మచ్చల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. వాటిలో అందరికంటే ఎక్కువగా కనిపించేది హిమాంజియోమా, అంటే రక్తనాళాల ముద్ద. దాని తర్వాతి స్థానం ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియాది, అంటే మామూలు లివర్ కణాలే ఒకచోట ఎక్కువగా పెరిగిన ముద్ద. పేరు పొడుగు కాబట్టి డాక్టర్లు ఎఫ్ఎన్‌హెచ్ అంటారు. లివర్ కణాల నుంచే పుట్టే, క్యాన్సర్ కాని గడ్డ అడినోమా వీటికంటే అరుదు. చాలామందికి ఎమ్మారైతోనే విషయం తేలిపోతుంది, సూది దాకా పోనక్కరలేదు. కొన్నిసార్లు మాత్రం స్కాన్ ఎటూ తేల్చదు. అప్పుడు చిన్న ముక్క తీసి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూడాల్సి వస్తుంది. అక్కడ కణాలతో పాటు చూడవలసిన మరో వస్తువు ఉంది. దాని గురించి పేషెంట్లకు ఎవరూ చెప్పరు, రిపోర్టుల్లో కూడా ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అవే సాగే పోగులు. ఒక మచ్చలోకి రక్తం ఎంత ఒత్తిడితో వచ్చింది, ఆ మచ్చ ఎంత పాతది అన్న రెండు ప్రశ్నలకు కణాల కంటే ఈ పోగులే సూటిగా జవాబు చెప్పే సందర్భాలు ఉన్నాయి.

ఒంట్లో సాగి మళ్ళీ యథాస్థితికి రావలసిన చోటల్లా ఈ పోగులుంటాయి: చర్మంలో, ఊపిరితిత్తుల్లో, అన్నిటికంటే ముఖ్యంగా ధమనుల గోడల్లో. పోగులో ప్రధాన ప్రొటీన్ ఎలాస్టిన్. కానీ ఎలాస్టిన్ ఒక్కటే ఉంటే పోగు తయారు కాదు. హైదరాబాద్‌కి దగ్గర్లోని పోచంపల్లిలో మగ్గం చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముందు పడుగు సాచి బిగించాలి, ఆ తర్వాతే పేక. ఇక్కడ పడుగు లాంటిది ఫిబ్రిలిన్ అనే మరో ప్రొటీన్. ఫిబ్రిలిన్ అణువులు ఒకదానికొకటి తగులుకుని 10 నుంచి 12 నానోమీటర్ల మందం ఉండే సన్నటి తంతువులవుతాయి. కణాల్లోంచి బయటికొచ్చిన ట్రోపోఎలాస్టిన్, అంటే ఇంకా ముడి పడని ఎలాస్టిన్, ఆ తంతువుల మీద చేరుతుంది. చేర్చి సర్దే పనిలో ఫిబ్యులిన్ జాతి ప్రొటీన్లు సాయపడతాయి. చివరికి లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వచ్చి ముడులు వేస్తుంది. నాలుగు లైసిన్‌లు కలిసి ఒక ముడి, దాని పేరు డెస్మోసిన్. ఈ ఎంజైమ్ పనిచేయాలంటే రాగి కావాలి. రాగి లేని మేత పెట్టిన కోడిపిల్లల్లో, పందుల్లో పెద్ద ధమని పగిలిపోవడం చూసిన తర్వాతే ఈ ముడుల ప్రాముఖ్యం శాస్త్రవేత్తలకు బాగా తెలిసొచ్చింది.

ముడి పడ్డ ఎలాస్టిన్ ఆయుష్షు ఆశ్చర్యపరుస్తుంది. 1950, 60 దశకాల్లో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో చేరిన కార్బన్-14ని, ప్రొటీన్‌లోని ఆస్పార్టిక్ ఆమ్లం కాలంతో పాటు మారే తీరుని ఆధారం చేసుకుని మనిషి ఊపిరితిత్తుల్లోని ఎలాస్టిన్ వయసు లెక్కగట్టారు. అందులోని కార్బన్ సగటున దాదాపు 74 ఏళ్ళు అలాగే ఉండిపోతుందని తేలింది. అంటే తల్లి కడుపులోనూ పసితనంలోనూ తయారైన పోగులతోనే మనిషి జీవితమంతా నడిచిపోతుంది. పెద్దయ్యాక శరీరం కొత్తగా ఎలాస్టిన్ పోగేస్తోందంటే అక్కడ ఏదో దెబ్బ తగిలిందన్నమాట, లేదా రక్తప్రవాహం దారి మారిందన్నమాట. లివర్ మచ్చల విషయంలో ఈ సంగతే పనికొస్తుంది.

లివర్ రక్తసరఫరా మిగతా అవయవాల్లా ఉండదు. లోపలికొచ్చే రక్తంలో ముప్పాతిక భాగం పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. దాని ఒత్తిడి మామూలుగా 5 నుంచి 10 మిల్లీమీటర్ల పాదరసం. మిగతా పావు భాగం ధమని నుంచి వస్తుంది, బీపీ మిషన్ మీద 120, 80 అని కనిపించే ఒత్తిడి గల రక్తం అది. ఈ రెండూ కలిసి లివర్ కణాల వరసల మధ్య ఉండే సన్నని కాలువల్లోకి చేరతాయి. వాటిని సైనుసాయిడ్లు అంటారు. ఆరోగ్యంగా ఉన్న లివర్‌లో పరిణతి చెందిన ఎలాస్టిన్ పోగులు ధమనుల గోడల్లో, పిత్తనాళాల చుట్టూ, పెద్ద సిరల గోడల్లో, లివర్ పైపొరలో కనిపిస్తాయి. సైనుసాయిడ్ల వెంట మాత్రం కనిపించవు. అయితే ఫిబ్రిలిన్ అక్కడ ఉంటుంది. పడుగు సాచి ఉంది, పేక పడలేదు.

పేక లేని పడుగుతో లాభమేమిటి? ఫిబ్రిలిన్ తంతువులకు రెండో ఉద్యోగం ఒకటుంది. టీజీఎఫ్-బీటా అనే సంకేత అణువుని నిద్రాణంగా పట్టి ఉంచడం వాటి పని. ఫిబ్రిలిన్ జన్యువు దెబ్బతింటే వచ్చే మార్ఫాన్ సిండ్రోమ్‌ని అధ్యయనం చేస్తున్నప్పుడు ఈ సంగతి బలంగా బయటపడింది. టీజీఎఫ్-బీటా విడుదలైతే నారకణాలు మేలుకుని కొల్లాజెన్ అనే గట్టి నార ప్రొటీన్‌ని పోగెయ్యడం మొదలుపెడతాయి. కాబట్టి సైనుసాయిడ్ల వెంట ఉన్న ఆ సన్నటి తంతువులు ఆసరాగా నిలవడంతో పాటు, అవసరం వచ్చేదాకా సంకేతాన్ని తాళం వేసి దాచుకునే పెట్టెలుగా కూడా పనిచేస్తాయి.

ఇక ఎఫ్ఎన్‌హెచ్. ఈ మొత్తం కథని ఒకే మచ్చలో చూడాలంటే దీన్నే చూడాలి. ఎక్కువగా ఆడవాళ్ళలో, 20 నుంచి 50 ఏళ్ళ లోపు వయసులో కనిపిస్తుంది. ఆ పేరు 1958లో ఎడ్మండ్‌సన్ వాడుకలోకి తెచ్చాడు. 1985లో వాన్‌లెస్ బృందం దాని పుట్టుకకి ఇప్పటికీ నిలబడ్డ వివరణ ఇచ్చింది: ఇది గడ్డలా పెరిగే కణాల వల్ల వచ్చేది కాదు, ఒక వికృతమైన ధమని అక్కడ అవసరానికి మించి రక్తం పోస్తుంటే చుట్టూ ఉన్న మామూలు లివర్ కణాలు దానికి స్పందించి పెరగడం వల్ల వచ్చేది. రక్తనాళాలు పుట్టుకతోనే అస్తవ్యస్తంగా అల్లుకునే వంశపారంపర్య జబ్బు, హెరిడిటరీ హెమరేజిక్ టెలాంజియెక్టేసియా ఉన్నవాళ్ళలో ఎఫ్ఎన్‌హెచ్ ఎక్కువగా కనిపించడం ఈ వాదనకి బలం.

ఎఫ్ఎన్‌హెచ్‌ని కోసి చూస్తే నడిమధ్యన నక్షత్రం ఆకారంలో తెల్లటి మచ్చ, దానిలోంచి ఆకుల ఈనెల్లా నాలుగు వైపులా పాకిన గీతలు ఉంటాయి. దాన్ని సెంట్రల్ స్కార్ అంటారు. ఆ పేరు వల్ల మాటిమాటికీ అపార్థం వస్తోంది. గాయం మానిన మచ్చ కాదది. రక్తం ఎఫ్ఎన్‌హెచ్‌లోకి వచ్చే సింహద్వారం. సాగే పోగుల్ని పట్టి చూపే రంగుల్ని ఎలాస్టిక్ స్టెయిన్‌లు అంటారు. వాటిలో ఆర్సీన్ గానీ వెర్‌హాఫ్ గానీ వేసి చూస్తే అక్కడి ధమనుల గోడలు మందంగా, వంకరటింకరగా ఉంటాయి. మామూలు ధమనిలో లోపలి సాగే పొర ఒకే గీతలా, అలలు అలలుగా, తెగకుండా ఉంటుంది. ఇక్కడ అది ముక్కలై ఉంటుంది. గోడ లోపలి వైపు కండరకణాలు, నార పేరుకుని ఉంటాయి. పక్కన తోడుగా ఉండవలసిన పోర్టల్ సిర ఉండదు. అంటే సాగాల్సిన గోడ సరిగా సాగక, సిర రక్తంతో పలచబడక, ధమని రక్తం నేరుగా వచ్చి పడుతోంది. ఎమ్మారైలో మందు ఎక్కించగానే ఎఫ్ఎన్‌హెచ్ క్షణాల్లో తెల్లగా వెలిగిపోవడానికీ, రక్తప్రవాహం చూపే డాప్లర్ స్కాన్‌లో బండి చక్రం ఆకుల్లా రక్తం మధ్య నుంచి బయటికి పారడానికీ కారణం ఈ గోడల్లోనే ఉంది. రేడియాలజిస్టు తెర మీద చూసేదీ, పాథాలజిస్టు అద్దం మీద చూసేదీ ఒకే ధమని.

ఆ రక్తం మధ్య నుంచి చివరలకు పోతూ సైనుసాయిడ్లలో పడుతుంది. ధమని ఒత్తిడి నేరుగా తగిలే ఆ కాలువల్లో ఆసరా ప్రొటీన్ల అమరిక కూడా మారుతుంది. ఎఫ్ఎన్‌హెచ్ కణజాలంలో టీజీఎఫ్-బీటా సంకేతమార్గం చురుగ్గా ఉంటుందన్నది జన్యువ్యక్తీకరణ పరిశోధనల్లో తేలిన విషయం. మచ్చ మధ్యలో ఆ నార ఎందుకు పేరుకుంటుందో అర్థం కావాలంటే ఫిబ్రిలిన్ తాళం వేసి ఉంచిన పెట్టెలు గుర్తు తెచ్చుకోవాలి. ఇంత గజిబిజి ఉన్నా ఎఫ్ఎన్‌హెచ్ క్యాన్సర్‌గా మారదు, రక్తస్రావం అత్యంత అరుదు. ఎమ్మారైలో లక్షణాలన్నీ స్పష్టంగా ఉంటే మళ్ళీ మళ్ళీ స్కాన్లు కూడా అక్కరలేదని యూరప్ లివర్ నిపుణుల సంఘం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా ఆరు నెలలకోసారి పరీక్షలు చేయించుకుంటూ ఏళ్ళ తరబడి టెన్షన్ పడేవాళ్ళున్నారు. ఇది చాలా బాధాకరం.

అడినోమా దీనికి పూర్తిగా ఎదురు. దానిలో సెంట్రల్ స్కార్ ఉండదు, ధమని, పోర్టల్ సిర, పిత్తనాళం కలిసి సాగే పోర్టల్ ట్రాక్టులు ఉండవు. కణాల మధ్య పలుచని గోడల ధమనులు ఒంటరిగా తిరుగుతుంటాయి. వాటికి ఆనుకోవడానికి గట్టి కణజాలం చుట్టూ లేదు. పెద్దదైన అడినోమా లోపల రక్తం చిమ్మే ప్రమాదం ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. గర్భనిరోధక మాత్రలతో దీనికున్న సంబంధం 1970ల నుంచి తెలుసు. 5 సెంటీమీటర్లు దాటినా, మగవాళ్ళలో వచ్చినా, బీటా-కెటెనిన్ జన్యుమార్పు ఉన్నా తీసేయడం గురించి ఆలోచిస్తారు. ఎఫ్ఎన్‌హెచ్‌నీ దీన్నీ విడదీయడానికి ఈరోజుల్లో ప్రధాన ఆధారం గ్లుటమిన్ సింథటేజ్ అనే ఎంజైమ్ ఎక్కడుందో రంగుతో చూపే పరీక్ష. ఎఫ్ఎన్‌హెచ్‌లో ఆ రంగు దేశపటంలోని సరిహద్దుల్లా పరుచుకుంటుంది. ఎలాస్టిక్ స్టెయిన్ ఒక్కటే ఈ తీర్పు చెప్పలేదు, అలా చెప్తుందనడం తప్పు. కానీ సూదిలో వచ్చిన పోగంత ముక్కలో మందపాటి, సాగే పొర చెదిరిన ధమని ఒక్కటి కనబడ్డా పాథాలజిస్టు ఆలోచన ఎటు వెళ్ళాలో తెలుస్తుంది. ధమనులు మందంగా ఉండే ఒక రకం అడినోమాని 2000ల మొదటి వరకు ఎఫ్ఎన్‌హెచ్‌లోనే ఒక రకంగా లెక్కించేవారు. జన్యుపరీక్షలు వచ్చాకే అది అడినోమా అని తేలింది. కాబట్టి గోడ మందం చూసి తొందరపడకూడదు కూడా.

హిమాంజియోమా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్పాంజిలో నీళ్ళలా రక్తం నిండిన గదులు, వాటి మధ్య నార గోడలు. చాలావరకు స్కాన్‌లోనే గుర్తుపడతారు, వదిలేస్తారు. చిక్కు వచ్చేది అది ముసలిదైనప్పుడు. గదుల్లో రక్తం గడ్డకట్టి, నార నిండి, మొత్తం గట్టిపడిపోతే దాన్ని స్క్లెరోజ్డ్ హిమాంజియోమా అంటారు. అప్పుడు ఎమ్మారైలో తెల్లగా వెలిగే లక్షణం పోతుంది. పక్కనున్న లివర్ పైపొర లోపలికి లాగినట్టు కూడా కనిపించవచ్చు. వేరే చోట నుంచి పాకిన క్యాన్సర్‌ లాగానో, పిత్తనాళాల క్యాన్సర్‌ లాగానో భ్రమపెడుతుంది. మామూలు హెచ్ అండ్ ఇ రంగులో చూస్తే గులాబీ రంగు ముద్ద తప్ప ఏమీ ఉండదు. ఎలాస్టిక్ స్టెయిన్ వేస్తే ఆ ముద్దలో పాత రక్తనాళాల గోడలు నీడల్లా పైకి తేలతాయి. కూలిపోయిన ఇంటి పునాది గీతలు చూసి ఇక్కడ వంటిల్లు, ఇక్కడ వసారా అని పోల్చుకున్నట్టే ఇది.

ఇంకా విచిత్రమైన మచ్చ ఒకటుంది, సెగ్మెంటల్ అట్రఫీ. అంటే లివర్‌లో ఒక చిన్న ప్రాంతం కృశించిపోవడం. 2011లో 18 కేసులతో ఒక పరిశోధనా బృందం దీని దశల్ని వివరంగా రాసింది. సాధారణంగా లివర్ పైపొరకు దగ్గర్లో ఉంటుంది. ఆ ప్రాంతపు రక్తనాళాల్లో గడ్డలు, మూసుకుపోయిన గోడలు తరచుగా కనిపిస్తాయి. రక్తం అందక కణాలు పోతాయి. మొదట ఆ ఖాళీలో చిన్న చిన్న పిత్తనాళికలు గుంపుగా మొలుస్తాయి, ఎలాస్టిన్ ఇంకా పెద్దగా ఉండదు. తర్వాత నాళికలు తగ్గుతూ ఎలాస్టిన్ పోగవుతుంది. ఒక దశలో ఆ మచ్చంతా దాదాపు ఎలాస్టిన్ ముద్దే. దానికి నాడ్యులర్ ఎలాస్టోసిస్ అని పేరు. చివరికి నార మాత్రమే మిగులుతుంది. స్కాన్‌లో ఇది గడ్డలాగే కనబడుతుంది. స్లైడ్‌లో పాలిపోయిన గులాబీ రంగులో అమిలాయిడ్‌ లాగా కనబడుతుంది. అమిలాయిడ్ అంటే వికృతమైన ప్రొటీన్ అవయవాల్లో పేరుకోవడం, ఒంటి నిండా వెతకాల్సిన జబ్బు, ఎముకమజ్జ పరీక్షల దాకా పోతుంది. అమిలాయిడ్‌ని పట్టే కాంగో రెడ్ రంగు, ఎలాస్టిక్ స్టెయిన్ రెండూ వేసుకుంటే అక్కడికక్కడే తేలిపోతుంది. రెండు రంగుల ఖర్చుతో ఒక కుటుంబానికి నెలల పరుగు తప్పుతుంది.

ఎలాస్టిన్ ఆలస్యంగా చేరుతుందన్న ఈ లక్షణాన్ని లివర్ పాథాలజిస్టులు చాలాకాలంగా గడియారంలా వాడుకుంటున్నారు. కామెర్లు ముదిరి లివర్ కణాలు ఒక్కసారిగా పోయినప్పుడు మిగిలిన చట్రం కుప్పకూలి, చూడటానికి సిర్రోసిస్ నార లాగానే ఉంటుంది. ఆర్సీన్ వేసి చూస్తే కొత్తగా కూలిన చోట సాగే పోగులుండవు. ఏళ్ళ నాటి నారలో ఉంటాయి. ఇవి పేరుకోవడానికి తయారీ పెరగడం ఎంత కారణమో, ఉన్నవి కరగకపోవడం కూడా అంతే కారణం. ఎలాస్టిన్‌ని తినేసే ఎంఎంపీ-12 అనే ఎంజైమ్, చెత్తని మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్ కణాల నుంచి వస్తుంది. ఆ ఎంజైమ్ లేని ఎలుకల్లో లివర్ దెబ్బతిన్నప్పుడు ఎలాస్టిన్ మరింతగా పేరుకుపోవడం కనిపించింది.

ఆర్సీన్ అన్న ఈ రంగు పుట్టుక బిర్యానీ తినే ఊరికి కొత్తేమీ కాదు. రాళ్ళ మీద, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్‌ల నుంచి తీసిన రంగు అది. హైదరాబాద్ వంటల్లో మసాలాలో వేసే రాతిపువ్వు, పాతబస్తీలో పత్థర్ కా ఫూల్ అని అడిగి కొనేది, అదీ లైకెనే. జాతులు వేరైనా రెండూ లైకెన్‌లే. 1974లో జపాన్‌కి చెందిన షికాటా బృందం ఈ రంగుని కొద్దిగా మార్చి వాడితే హెపటైటిస్-బి వైరస్ ఉపరితల ప్రొటీన్ ఉన్న కణాలు కూడా గోధుమరంగులో కనిపిస్తాయని చూపించింది. రాగితో అంటుకుని ఉండే ప్రొటీన్ కూడా దీనికి చిక్కుతుంది. ఒకే స్లైడ్‌లో సాగే పోగులు, హెపటైటిస్-బి, రాగి మూడింటి జాడా దొరుకుతుందంటే ఖరీదైన యాంటీబాడీ పరీక్షలు వచ్చాక దీన్ని పక్కన పెట్టడం సరైన పని కాదనిపిస్తుంది.

పేర్లు కలవడం వల్ల వచ్చే ఒక తికమకని ఇక్కడే తీర్చుకోవాలి. ఫైబ్రోస్కాన్ లాంటి ఎలాస్టోగ్రఫీ పరీక్షలు ఇప్పుడు నగరంలో చాలాచోట్ల చేస్తున్నారు. ఆ పేరులో ఎలాస్టో ఉంది కాబట్టి ఎలాస్టిన్ కొలుస్తుందేమో అనుకుంటారు. అది కొలిచేది గట్టితనం, లెక్క కిలోపాస్కల్స్‌లో. ఆ గట్టితనంలో కొల్లాజెన్ వాటా ఉంటుంది, వాపు వాటా ఉంటుంది, రక్తం నిలవ ఉండటం వాటా ఉంటుంది. పరీక్షకి ముందు భోజనం చేసి వెళ్ళినా అంకె పెరుగుతుంది, అందుకే మూడు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. పైగా ఫైబ్రోస్కాన్ చూసేది మొత్తం లివర్ పరిస్థితి, మచ్చని కాదు. మచ్చ మీదే గురిపెట్టి కొలిచే షియర్‌వేవ్ పద్ధతి వేరే ఉంది. అందులో ఎఫ్ఎన్‌హెచ్ సగటున అడినోమా కంటే గట్టిగా తేలుతోంది. మధ్యలో నార, మందపాటి ధమనులు ఉన్న మచ్చ గట్టిగా ఉండటం, అవేవీ లేనిది మెత్తగా ఉండటం పైన చెప్పిన నిర్మాణానికి సరిగ్గా సరిపోయే మాట. అయినా అంకెలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి కాబట్టి దాన్నిబట్టి మాత్రమే ఏదీ తేల్చరు.

లివర్ బయాప్సీ అయ్యాక రెండో అభిప్రాయం కోసం నిమ్స్‌కో, ఉస్మానియాకో, గచ్చిబౌలి వైపు పెద్ద ఆస్పత్రులకో వెళ్ళేవాళ్ళు సాధారణంగా రిపోర్టు, స్లైడ్లు పట్టుకెళ్తారు. తీసిన ముక్కని మైనంలో పొదిగి దాచిన బ్లాకులు మొదటి ల్యాబ్‌లోనే ఉండిపోతాయి. రంగు ఒకసారి వేసిన స్లైడ్‌లో ఎలాస్టిన్ కోసం మళ్ళీ చూడటం కష్టం. ఆర్సీన్ వెయ్యాలన్నా, గ్లుటమిన్ సింథటేజ్ చేయాలన్నా, కాంగో రెడ్ వెయ్యాలన్నా బ్లాకు నుంచి కొత్త పొర కొయ్యాలి. సూది బయాప్సీలో వచ్చే ముక్క అగ్గిపుల్ల కంటే సన్నం. ఒక్కో పరీక్షకీ కొంత కొంత కరిగిపోతుంది. మొదటిసారి కోసేటప్పుడే అదనంగా రెండు మూడు పొరలు రంగు వెయ్యకుండా దాచమని అడగవచ్చు. చాలా ల్యాబులు ఆ మాట కాదనవు, రెండో సూది పడకుండా చూసేది కూడా ఆ దాచిన పొరలే.